బెలుమా, గండికోటా, లేపాక్షా? సీమకు వచ్చేవాళ్లు ముందు నెల చూసుకోవాలి, తర్వాతే ఊరు

గండికోట చూసొచ్చిన ఇద్దరిని అడిగితే రెండు మాటలు వినిపిస్తాయి. నవంబర్‌లో ఒక రాత్రి ఉండి వచ్చినవాళ్లు మళ్లీ ఎప్పుడు పోదామా అంటారు. ఏప్రిల్‌లో పన్నెండింటికి దిగి రెండింటికి వెనక్కి తిరిగినవాళ్లు "రాళ్లు తప్ప ఏముందక్కడ?" అంటారు. ఇద్దరిదీ నిజమే. కర్నూలు, అనంతపురం, కడప వైపు చూడదగ్గ చోట్లన్నిటికీ ఈ గుణం ఉంది. ఏ నెలలో, ఏ పూట, ఎలాంటి మోకాళ్లతో వచ్చారన్న దాన్ని బట్టే అవి మెప్పిస్తాయి, లేదా ఉసూరుమనిపిస్తాయి. ఫొటోలు చూసి ఎంచుకుంటే దెబ్బతినేది అందుకే.

గది తీసుకునే ముందు ఒక సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. బెలుం, యాగంటి, మహానంది, అహోబిలం ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నాయి. లేపాక్షి, తిమ్మమ్మ మర్రిమాను శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. పాత లెక్కన "బెలుం కర్నూలు జిల్లా కదా" అని కర్నూలులో దిగితే అక్కడి నుంచి వంద కిలోమీటర్ల పైనే పోవాలి. బెలుంకు తాడిపత్రి 30 కిలోమీటర్లు, గండికోటకు జమ్మలమడుగు 15, లేపాక్షికి హిందూపురం 15. జిల్లా పేరు పక్కన పెట్టి ఈ మూడు ఊళ్ల లెక్కన బస చూసుకోండి.

బెలుం, గండికోట: రెంటిలో ఒకటే కుదిరితే

ఒక్క పూటే ఉంటే బెలుం. ఒక రాత్రి ఉండగలిగితే గండికోట. ఎందుకో చెప్తాం.

బెలుం గుహలు కొండలో లేవు. కొలిమిగుండ్ల మండలంలో, నాపరాయి నేలల మధ్య, చదునైన చోట బావిలాంటి గుంత కనిపిస్తుంది. దిగేది అందులోకే. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి ఆశ్చర్యం ఇక్కడే: పైన ఎండిన చేను, కింద 3,229 మీటర్ల గుహ. సందర్శకులు నడిచేది అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 1982, 83లలో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్లు లోపలంతా కొలిచారు. జనానికి తెరిచింది 2002లో.

రెండో ఆశ్చర్యం అంత బాగుండదు. గుహ అంటే చల్లగా ఉంటుందనుకుని మే నెలలో పిల్లల్ని తీసుకొస్తారు. పది నిమిషాల్లో చొక్కా వీపుకు అంటుకుంటుంది. లోపల నిజానికి బయటంత వేడి ఉండదు. కానీ గాలి కదలదు, తేమ ఎక్కువ, చెమట ఆరే దారి లేదు. ఒంటికి ఉక్క తెలిసేది అందువల్లే. అక్కడక్కడా పైనుంచి గొట్టాల ద్వారా గాలి పంపుతారు. ఆయాసం అనిపిస్తే గాలి గొట్టం కింద రెండు నిమిషాలు నిలబడి, తగ్గాక కదలాలి. తగ్గకపోతే వెనక్కి వచ్చేయండి, పంతం వద్దు. ఆదివారాలు, సంక్రాంతి సెలవుల్లో సన్నటి దారుల్లో జనం ఆగిపోతే ఉక్క ఇంకా పెరుగుతుంది. మామూలు రోజున ఉదయం తెరవగానే దిగేవాళ్లకే ఈ గుహ బాగా కనిపిస్తుంది.

లోపల చూడాల్సినవాటిలో కోటిలింగాల దగ్గర అందరూ ఆగుతారు. కప్పు నుంచి వేలాడే సున్నపురాతి ఊడలు అక్కడ గుంపులు గుంపులుగా ఉంటాయి. ఒక ఊడ కింద నిలబడి కొసను చూడండి. చాలాచోట్ల చిన్న నీటిబొట్టు ఉంటుంది. ఆ నీటిలో కరిగిన సున్నం కొంచెం కొంచెంగా పేరుకుని ఊడ పెరుగుతుంది. చేత్తో తడిమితే చేతి జిడ్డు పట్టి ఆ పేరుకోవడం ఆగిపోతుంది. తాకవద్దని గైడ్లు అరిచేది ఊరికే కాదు. సప్తస్వరాల గుహలో రాళ్లు తడితే లోహం మోగినట్టు మోగుతాయి. వినాలనుంటే గైడును తట్టమనండి, మీరు పోటీ పెట్టుకోవద్దు. అన్నిటికన్నా లోతైనది పాతాళగంగ, 46 మీటర్లు. దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది, కానీ దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పి, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు పాతాళగంగ ఒక్కటీ వదిలేసినా గుహ చూసినట్టే.

కావాల్సినవి తక్కువే: పలచటి నూలు బట్టలు, పట్టున్న చెప్పులు, ఒక చిన్న టార్చి, బండిలో మార్చుకోవడానికి ఒక చొక్కా. భుజాన పెద్ద సంచి వద్దు, వంగి పోవాల్సిన చోట్ల అడ్డం. లోపల ఫోను పనిచేయదు కాబట్టి "విడిపోతే ఇక్కడ కలుద్దాం" అని పైనే అనుకుని దిగాలి. రెండు గంటలు చాలు. మధ్యాహ్నం మూడున్నర తర్వాత చేరితే హడావుడే.

బెలుంకు ఉన్న పెద్ద సుగుణం ఏమిటంటే బయట పొద్దు ఎక్కడున్నా లోపల తేడా ఉండదు. మిట్టమధ్యాహ్నం కూడా వృథా కాదు. గండికోట అలా కాదు.

గండి అంటేనే నీరు కోసిన దారి. ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసింది. ఆ అంచున కోట. అగాధం లోతు మన కంటికి తెలిసేది నీడల వల్ల. పొద్దు నెత్తిమీద ఉన్నప్పుడు నీడలుండవు. ఎర్రటి రాతిగోడలు తెల్లబోయి పటం మీద గీసినట్టు కనిపిస్తాయి. పదకొండు నుంచి మూడు మధ్య వచ్చిపోయేవాళ్లు నిరాశపడేది సరిగ్గా ఇందుకు. సాయంత్రం నాలుగుకు కోటలో అడుగుపెట్టి, చార్మినార్ అని పిలిచే బురుజు, జైలు, జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ ఆలయం చూసుకుంటూ, రంగనాథాలయం దాటి బండల మీదుగా అంచుకు అయిదున్నరకు చేరితే రాయి రంగు మారడం కళ్లారా చూడొచ్చు. మళ్లీ తెల్లవారకముందే అదే చోటుకు రావాలి. తొమ్మిది దాటితే బండ కాలుతుంది.

నీటి సంగతీ ముందే తెలుసుకోవాలి. దిగువన మైలవరం జలాశయం నిండుగా ఉంటే లోయలో నది వెడల్పుగా, పచ్చగా నిలుస్తుంది. వేసవిలో తగ్గిపోతుంది. సెప్టెంబర్ చివరి నుంచి జనవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో రావద్దనే చెప్తాం.

అంచు గురించి గట్టిగా చెప్పాలి. అక్కడి రాయి పొరలు పొరలుగా, పుస్తకాలు దొంతర పెట్టినట్టు ఉంటుంది. పై పలక కింద బోలుగా ఉండొచ్చు, పక్క నుంచి వంగి చూస్తేనే తెలుస్తుంది. అంచు పొడవునా కంచె లేదు. వాన పడ్డ రోజు పాచి జారుతుంది. అంచుకు రెండు బారల దూరంలో కూర్చున్నా లోయ అంతే కనిపిస్తుంది. ఫోను పట్టుకుని వెనక్కి నడవడం మాత్రం ఎవరూ చేయకూడదు. ఇక కోతులు. చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే తిండే అనుకుంటాయి. జిప్పున్న సంచిలో పెట్టుకుంటే జోలికి రావు.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పెట్రోలు జమ్మలమడుగులోనే పట్టుకోండి. కోట దగ్గర టూరిజం వాళ్ల హరిత హోటల్, కొన్ని గుడారాలు ఉన్నాయి. శని, ఆదివారాలకు ముందే మాట్లాడుకోకపోతే జమ్మలమడుగులో పడుకోవాల్సిందే. అలా పడుకుంటే తెల్లవారుజాము అంచు పోయినట్టే. ఆర్టీసీ బస్సులు తక్కువ. ఎక్కేటప్పుడే "తిరుగు బస్సు ఆఖరుది ఎన్నింటికి?" అని కండక్టరును అడగండి. ఆటో మాట్లాడితే పోను, రాను, ఆగే గంటలు, మూడూ కలిపి ఒకే మాట చెప్పించుకోండి. అంతా చూశాక "వెయిటింగ్ వేరే" అనే పేచీ ఉండదు.

రెండూ కుదిరితే వరస ఇది: పొద్దున తాడిపత్రి గుళ్లు, పదకొండుకు బెలుం, మధ్యాహ్నం భోజనం చేసుకుని జమ్మలమడుగు మీదుగా నాలుగుకు గండికోట. బెలుం నుంచి గండికోట సుమారు 60 కిలోమీటర్లు. కొలిమిగుండ్ల చుట్టూ సిమెంటు, నాపరాయి లారీలు ఎక్కువ, చీకటి పడ్డాక ఆ దారి పెట్టుకోవద్దు. ఈ వరసను మార్చి పొద్దున బెలుం, మధ్యాహ్నం కోట అనుకున్నారంటే రెండో సగం ఎండపాలు.

లేపాక్షికి అందరూ పోతారు, తాడిపత్రికి ఎవరూ పోరు

లేపాక్షి నిరాశపరచదు. కానీ చూసేవాళ్లు తప్పు చోట నిలబడతారు. గుడిలోని 70 స్తంభాల్లో ఒకటి నేలకు ఆనకుండా వేలాడుతుందని విని నేరుగా దాని దగ్గరికి పోతారు. వరసలో నిలబడి, తువాలు ఒక పక్క నుంచి దూర్చి, రెండో పక్క లాగి, ఫొటో తీసుకుని వచ్చేస్తారు. వంగి చూస్తే ఆ స్తంభం ఒక మూల ఇంకా ఆనుకునే ఉంటుంది, మిగతా మేర సన్నటి సందు. దీనికి పది నిమిషాలు చాలు. అసలు సొత్తు తల పైకెత్తితే ఉంది: పదహారో శతాబ్దం నాటి పైకప్పు చిత్రాలు. చీరల అంచులు, కొప్పులు, నగలు ఎంత విడివిడిగా గీశారో చూడాలంటే కళ్లు చీకటికి అలవాటు పడే దాకా ఆగాలి. ఆ తర్వాత వెనక వైపు, కప్పు వేయకుండా ఆగిపోయిన కల్యాణ మండపం. అక్కడి స్తంభాల మీది లతలు, పక్షుల అచ్చులే ఇవాళ చీరల మీద లేపాక్షి డిజైన్ల పేరుతో అమ్ముడవుతాయి. ఏడు పడగల నాగలింగం కూడా అటే.

ఏకశిలా నంది గుడిలో ఉండదు, ఊళ్లోకి వచ్చే దారి పక్కన విడిగా ఉంటుంది. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. వెళ్లేటప్పుడే ఆగి చూడండి. తిరిగి వచ్చేసరికి ఎండలో రాతి మీద చెక్కిన గంటలు, గొలుసులు చదునుగా కనిపిస్తాయి.

లేపాక్షిలో అరికాళ్లు కాలతాయి. చెప్పులు బయట విడవాలి, ప్రాంగణమంతా బండపరుపు. పదింటికల్లా ముగించండి, లేదా మందపాటి మేజోళ్లు తెచ్చుకోండి. బెంగళూరు నుంచి 120 కిలోమీటర్లే కాబట్టి ఆదివారం పదకొండుకు జనం కిక్కిరిసి ఉంటారు. అనంతపురం వైపు నుంచి వచ్చేవాళ్లు 44వ జాతీయ రహదారి మీద కొడికొండ దగ్గర తిరిగితే చాలు.

ఇక తాడిపత్రి. రైలు దిగిన దగ్గర నుంచి బండల పాలిషింగు దుమ్ము, ట్రాఫిక్కు. ఇక్కడ శిల్పాలేముంటాయి అనిపిస్తుంది. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం గోపురాల ముందు నిలబడేదాకా ఆ అనుమానం పోదు. ఆ గోపురాలు పైదాకా పూర్తి కాలేదు. మాకు మాత్రం అదే మేలనిపిస్తుంది. శిఖరం ఉంటే కన్ను పైకి పోతుంది. ఇక్కడ చెక్కడమంతా నేల నుంచి కంటి ఎత్తులోనే, చేయి చాచితే అందేంత దగ్గర్లో ఉంది. ఒక చదరపు గజం రాయిని పట్టుకుని అయిదు నిమిషాలు చూస్తే తీగలో తీగ, దాని లోపల పక్షి, పక్షి ముక్కున ఇంకో తీగ. లోపల లింగం దగ్గర నీరు ఊరుతూనే ఉంటుంది. బుగ్గ అంటే ఊటే. ఊళ్లోనే ఉన్న చింతల వెంకటరమణ స్వామి గుడిలో గరుడ మండపాన్ని చక్రాలతో సహా రాతి రథంలా చెక్కారు. హంపి రథం చూసినవాళ్లు దీన్ని చూసి నోరు తెరుస్తారు, ఎందుకంటే దీని సంగతి వాళ్లకెవరూ చెప్పి ఉండరు. మధ్యాహ్నం తలుపులు వేస్తారు, కాబట్టి పొద్దున్నే రావాలి.

శిల్పం కోసమే వచ్చేవాళ్లయితే, ఒక్క రోజే ఉంటే, తాడిపత్రి ఎంచుకోండి. చిత్రాలు, నంది, పిల్లలకు చెప్పడానికి కథలు కావాలంటే లేపాక్షి.

సంగమేశ్వరం: నీళ్ల లెక్క తెలియకపోతే గుడే కనిపించదు

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా కొత్తపల్లి మండలంలోని సంగమేశ్వరానికి పోయి, ఒడ్డున నిలబడి "గుడి ఎక్కడ?" అని అడిగేవాళ్లు ప్రతి ఏటా ఉంటారు. గుడి శ్రీశైలం జలాశయం వెనక జలాల్లో మునిగి ఉంటుంది. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అది సుమారు 840 అడుగులకు దిగితేనే గుడి బయటపడుతుంది. మామూలుగా ఫిబ్రవరి, మార్చి తర్వాత కనబడి, వరద రాగానే జూలై, ఆగస్టుల్లో మళ్లీ మునుగుతుంది. ఏటా తేదీ మారుతుంది. శ్రీశైలం నీటిమట్టం దినపత్రికల్లో రోజూ వేస్తారు. ఆ అంకె చూసుకుని బయల్దేరితే తిరుగు ప్రయాణంలో తిట్టుకోవాల్సిన పని లేదు. వేపచెక్క లింగం, ఏడు నదుల కలయిక అనే నమ్మకం, ఒండ్రుమట్టి కప్పిన రాళ్లు. చూడదగ్గదే. అయితే నీడ లేదు, వేసవిలోనే చూడాలి. ఏడింటికి చేరి తొమ్మిదిన్నరకు బయటపడండి. గుడి చుట్టూ ఆరినట్టు కనిపించే బురద పైపైనే గట్టిపడి ఉంటుంది, నలుగురు నడిచిన దారి వదలొద్దు.

మట్టం ఎక్కువగా ఉంటే అదే రోజు అలంపురానికి మళ్లండి. తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ, కర్నూలు నుంచి సుమారు పాతిక కిలోమీటర్లు. బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ ఆలయాలు అక్కడున్నాయి. పేర్లు తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, విశ్వబ్రహ్మ అని ఉన్నా లోపలున్నది శివలింగాలే. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. నీళ్లలో గుడి చూడలేకపోయిన రోజు, నీళ్ల నుంచి తప్పించిన గుడి చూడటం కూడా సరైన బేరమే.

తక్కువ ఆశతో పోవాల్సినవి

ఓర్వకల్లు రాతివనం బాగుంటుంది, గంటన్నరలో అయిపోతుంది. కర్నూలు, నంద్యాల మధ్య హైవే పక్కనే. దారిలో ఆగడానికి సరైంది, దాని కోసమే హైదరాబాదు నుంచి రావడానికి కాదు.

తిమ్మమ్మ మర్రిమాను కదిరి దగ్గర. సుమారు అయిదు ఎకరాల్లో అల్లుకున్న చెట్టు, 1989లో గిన్నిస్‌కు ఎక్కింది. చిక్కేమిటంటే బయట నుంచి చూస్తే చెట్టులా కనిపించదు, చిన్న తోపులా ఉంటుంది. గేటు దగ్గర ఫొటో తీసుకుని వెనుదిరిగేవాళ్లకు ఏమీ అర్థం కాదు. లోపలికి నడిచి, ఒక కొమ్మను పట్టుకుని అది ఏ ఊడ మీద వాలి, అక్కడి నుంచి ఎటు పోయిందో కంటితో వెతకండి. పదో ఊడకు లెక్క తప్పుతుంది. అప్పుడు తెలుస్తుంది దాని విస్తారం.

రోళ్లపాడుకు బట్టమేక పిట్ట కోసం పోవద్దు. 1988లో ఆ పిట్ట కోసమే అభయారణ్యం పెట్టారు, ఇప్పుడు అది కనిపించడమే గగనం. కృష్ణజింకల కోసం, గడ్డి మైదానం కోసం అయితే పోండి, తెల్లవారుజామున. జింకలు చేలో పడి పంట తినేస్తాయని చుట్టుపక్కల రైతులకు కోపం ఉంది. ఆ మాట గుర్తుంచుకుని మాట్లాడండి.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతకడానికి జనం దూరాల నుంచి వస్తారు. సరదాగా ఒక రోజు వెతికి చూద్దామనుకునేవాళ్లకు దొరికేది నడుము నొప్పి, విత్తు వేసిన రైతు తిట్లు. అటే పోయే పని ఉంటే ఎర్రగుడి అశోకుని శాసనాలు చూడండి, గుత్తి నుంచి పత్తికొండ దారిలో. గుట్ట మీది బండల మీద రెండు వేల రెండు వందల ఏళ్లకు పైబడిన బ్రాహ్మీ అక్షరాలు. కొన్ని పంక్తులు ఎద్దుతో చేను దున్నినట్టు ఒకటి ఎడమ నుంచి కుడికి, తర్వాతిది కుడి నుంచి ఎడమకు సాగుతాయి. మధ్యాహ్నం వెళితే ఒక్క అక్షరం కనిపించదు. పొద్దు వాలుగా ఉన్నప్పుడే గీతల్లో నీడ పడి చదవడానికి వీలవుతుంది.

పెద్దవాళ్లతో వస్తే

అమ్మా నాన్నలను తీసుకొస్తున్నారా? అహోబిలం పేరు చెప్పగానే నవనారసింహులను ఒక్క రోజులో చూపిస్తామని మాట ఇవ్వొద్దు. దిగువ, ఎగువ అహోబిలాలు తేలిక. జ్వాలా నరసింహుని దారి మెట్లు, వాగు రాళ్లు. వానాకాలంలో భవనాశి పారుతుంటే జారుడు. డోలీలు ఉంటాయి, కర్ర తప్పనిసరి. పావన నరసింహుని దగ్గరికి జీపు పోతుంది, నడుము నొప్పి ఉన్నవాళ్లు ఎక్కకూడదు. ఉగ్రస్తంభం కుర్రాళ్లకే, అదీ తెల్లవారుజామున మొదలుపెడితేనే. తొమ్మిదీ చూడాలంటే రెండు రోజులు పెట్టుకోండి.

యాగంటిలో గుడి, కోనేరు, పెరుగుతున్నాడని చెప్పే నంది అన్నీ నేల మీదే. పక్కనున్న అగస్త్య గుహకు మాత్రం నిటారు మెట్లు. మహానంది ఇంకా సులువు. కోనేటి నీరు ఎంత తేటగా ఉంటుందంటే అడుగున పడ్డ నాణెం బొమ్మా బొరుసూ తెలుస్తుంది. ఈ రెండూ ఒక రోజులో నంద్యాలలో బస పెట్టుకుని చూడొచ్చు. కడపలో దిగేవాళ్లకైతే ఒంటిమిట్ట కోదండరాముడు, 25 కిలోమీటర్లు, ఎక్కడా ఎక్కాల్సిన పని లేదు. గర్భగుడిలో హనుమంతుడు లేని రామాలయం అది, పెద్దవాళ్లకు ఆ సంగతి మీరు చెప్పకండి, వాళ్లనే కనిపెట్టనివ్వండి.

తిండి విషయంలో ఒక్క హెచ్చరిక. హైవే మీది పెద్ద హోటళ్లలో సీమ వంట దొరకదు. పొద్దున కర్నూలు, అనంతపురం వైపు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, పప్పుల పొడి వేసి కలిపిన ఉగ్గాని వేడిగా ఉన్నప్పుడే తినాలి, ఆరితే ముద్దవుతుంది. తొమ్మిది దాటితే చిన్న హోటళ్లలో అయిపోతుంది. కడప వైపు ఎర్ర కారం దోసె. మొదటిసారి అయితే "కారం తగ్గించు నాయనా" అని పెనం మీద పిండి పోయకముందే చెప్పాలి.